పాత యుద్ధ విమానాన్ని ఎగరనివ్వాలా, నిలబెట్టి దాచుకోవాలా?

1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద బాంబులు పడ్డాయి. బంగాళాఖాతంలోకి చొరబడిన జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు ఒకే రోజు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా దాడి చేశాయి. ఆ కొద్ది రోజుల్లోనే మన తూర్పు తీరం వెంట వెళ్తున్న సరుకు ఓడల్ని ఇరవైకి పైగా ముంచేశారు.

ఆ రోజు వచ్చినవి నకజిమా బీ5ఎన్ రకం విమానాలు. ఒకే ఇంజన్, లోపల ముగ్గురు మనుషులు. యుద్ధం ముగిసేలోపు అలాంటివి వెయ్యికి పైగా తయారయ్యాయి. ఇవాళ ప్రపంచమంతా గాలించినా ఎగిరేది ఒక్కటి కూడా లేదు. జపాన్ ఓడిపోయాక మిగిలిన విమానాల్ని గెలిచినవాళ్ళు కుప్పలు పోసి ధ్వంసం చేశారు. అదే యుద్ధంలో గెలిచిన పక్షాన సామాన్లు మోసిన డకోటా విమానాలు పదివేలకు పైగా తయారయ్యాయి. వాటిలో కొన్ని ఎనభై ఏళ్ళు దాటినా ఇంకా ఎగురుతున్నాయి. ఒక పాత విమానం మిగలాలంటే అది గొప్పదైతే చాలదు. దాని దేశం గెలిచి ఉండాలి, తుక్కుకి మంచి ధర పలకకుండా ఉండాలి, ఎక్కడో ఒక మొండివాడు దొరకాలి.

పాత యుద్ధ విమానాల మీద ఇష్టం గురించి మాట్లాడేటప్పుడు మూడు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడతాయి. చంపడానికి తయారుచేసిన యంత్రం మీద ఇంత ప్రేమ ఎందుకు? దాన్ని ఎగరేయాలా, మ్యూజియంలో పెట్టాలా? భాగాలన్నీ మార్చేశాక మిగిలింది అసలు విమానమేనా? ఈ మూడింటినీ కలిపి వాదించుకోవడం వల్లే చర్చ ఎప్పుడూ ఎటూ తేలదు.

మొదటి ప్రశ్నకు గోదావరి డెల్టాలో జవాబు కొంచెం వేరుగా ఉంటుంది. ఇక్కడి ముసలివాళ్ళకి మిలటరీ విమానం అంటే 1942 బాంబులు. వాళ్ళ పిల్లలకి 1986 ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో లంక గ్రామాలు మునిగిపోయినప్పుడు, తలెత్తి చూసినవాళ్ళకి హెలికాప్టర్ చప్పుడంటే అన్నం పొట్లం. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలోనూ అంతే. ఒకే ఆకాశం, ఒకే రకం మోత, రెండు తరాలకి రెండు అర్థాలు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంనాటి రన్‌వే ఇంకా ఉంది. ఆ పక్కనే మిలటరీ మాధవరం. ఆ ఊరి నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషులు వెళ్ళారు, ఇప్పటికీ సైన్యంలోకి వెళ్తున్నారు. కాబట్టి ఇక్కడ ఈ ఇష్టం ఉన్నవాళ్ళంతా యుద్ధమంటే మోజు పడేవాళ్ళని అనుకుంటే పొరపాటు. అలాగని యుద్ధానికీ దానికీ సంబంధమే లేదని చెప్పడం కూడా నిజం కాదు. బ్రిటిష్ ఫైటర్ విమానం స్పిట్‌ఫైర్ రెక్క అంత అందంగా ఉండటానికి ఒక కారణం, ఆ పల్చటి రెక్కలోనే తుపాకులన్నీ అమరాలి.

ఇష్టపడేవాళ్ళు కూడా ఒకే రకం కాదు. సీరియల్ నంబర్లు రాసుకుంటూ ఏ విమానం ఏ స్క్వాడ్రన్‌లో ఉండేదో ఆరా తీసేవాళ్ళు ఒక రకం. ప్లాస్టిక్ మోడళ్ళు చేసి, రంగు సరిగ్గా కుదరలేదని రాత్రంతా నిద్రపోనివాళ్ళు ఇంకో రకం. నాకు ఎక్కువ నచ్చేది మూడో రకం: ఒకప్పుడు వాటి మీద పనిచేసినవాళ్ళు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ మెకానిక్‌గా చేసి రిటైరైన మా పెదనాన్నని డకోటా గురించి అడిగితే వేగం, ఎత్తు ఏమీ చెప్పడు. "పొద్దున్నే ఇంజన్ కింద పెట్టిన ట్రేలో ఎంత ఆయిల్ కారిందో చూసేవాళ్ళంరా. కారితే బెంగ లేదు. కారకపోతేనే టెన్షన్, లోపల ఉందో లేదో అని," అంటాడు.

ఆయన నవ్వుతూ చెప్పినా అందులో విషయం ఉంది. డకోటా ఇంజన్ రేడియల్ రకం. సిలిండర్లు వరసలో కాకుండా, మధ్యలో ఇరుసు చుట్టూ వలయంగా అమర్చి ఉంటాయి. ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్ ఇంజన్‌లో అలా రెండు వలయాల్లో కలిపి 14 సిలిండర్లు, సుమారు 1,200 హార్స్‌పవర్. ఇంజన్ ఆపి రాత్రంతా వదిలేస్తే ఆయిల్ మెల్లగా కిందికి దిగి, అడుగున తలకిందులుగా ఉన్న సిలిండర్లలోకి చేరుతుంది. గాలినైతే నొక్కితే నలుగుతుంది, ఆయిల్ నలగదు. అలాగే స్టార్ట్ చేస్తే పిస్టన్ వెళ్ళి ఆ ఆయిల్‌ని గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు మనుషులు ప్రొపెల్లర్‌ని చేత్తో, ఒక్కో రెక్కనీ లెక్కపెట్టుకుంటూ తిప్పుతారు. ఎక్కడైనా బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆపి, ఆ సిలిండర్ స్పార్క్ ప్లగ్ ఊడదీసి ఆయిల్ వంపేస్తారు. ఆ తర్వాత ఇంజన్ దగ్గి, ఒక్కో సిలిండరే అందుకుని, గుప్పున తెల్లటి పొగ వదులుతుంది. వీడియోల్లో జనం మైమరచి చూసే ఆ పొగ నిజానికి రాత్రి కిందికి దిగిన ఆయిల్‌లో మిగిలిన కాస్త.

నాకు అర్థమైనంతలో ఈ ఇష్టానికి అసలు కారణం ఇక్కడే ఉంది. ఈ యంత్రం ఏం చేస్తోందో కంటితో చూడొచ్చు, చెవితో వినొచ్చు, చేత్తో పట్టుకుని తెలుసుకోవచ్చు. ఇప్పటి యుద్ధ విమానంలో లోపం వస్తే తెర మీద ఒక కోడ్ వస్తుంది. పాతదానిలో వాసన మారుతుంది, చప్పుడు మారుతుంది, నేల మీద మరక మారుతుంది. హార్వర్డ్ అనే ట్రైనర్ విమానం మోత మైళ్ళ దూరం వినిపించడానికి కూడా ఇలాంటి కారణమే. దాని 600 హార్స్‌పవర్ ఇంజన్‌కీ ప్రొపెల్లర్‌కీ మధ్య వేగం తగ్గించే గేర్లు లేవు. ఇంజన్ పూర్తి జోరులో ఉన్నప్పుడు ప్రొపెల్లర్ కొసలు ధ్వని వేగానికి దగ్గరగా వెళ్తాయి. చెవులు చిల్లులు పడే ఆ గోల ఆ కొసలదే.

నడిపినవాళ్ళ జ్ఞాపకాలు ఇంకోలా ఉంటాయి. టైగర్ మాత్ సంగతి చూడండి. 1931లో మొదటిసారి ఎగిరిన రెండు రెక్కల విమానం. ఇంజన్ 130 హార్స్‌పవర్, అంటే ఇవాళ రోడ్డు మీద వెళ్ళే మంచి కారుది ఎంతో అంత. గరిష్ఠ వేగం గంటకు 175 కి.మీ. చెక్క రెక్కల మీద గుడ్డ కప్పి ఉంటుంది. మొదట్లో వచ్చినవాటికి చక్రాలకు బ్రేకులు లేవు, సెల్ఫ్ స్టార్టర్ లేదు. ముందు సీట్లో గురువు, వెనక సీట్లో శిష్యుడు. ఇద్దరి మధ్యా మాటలకు ఒక గొట్టం. గురువుగారి తిట్లు ఆ గొట్టంలోంచే వచ్చేవి. ఆ కాలంలో నేర్చుకున్నవాళ్ళు పెద్దయ్యాక ఎన్ని జెట్‌లు నడిపినా, చెప్పమంటే ముందు ఈ గొట్టం గురించే చెప్తారు.

ఈ తరం విమానాల్లో చాలావాటికి మూడో చక్రం తోక దగ్గర ఉండేది. నేల మీద నిలబడితే ముక్కు ఆకాశం వైపు లేచి ఉంటుంది, పైలట్‌కి ఎదురుగా ఏమీ కనపడదు. రన్‌వే దాకా వెళ్ళడానికి పాములా మెలికలు తిరుగుతూ, ఒకసారి ఎడమ నుంచి ఒకసారి కుడి నుంచి తొంగి చూసుకుంటూ పోవాలి. దిగేటప్పుడు ఇంకా కష్టం. బరువు కేంద్రం ముందు చక్రాలకు వెనక ఉంటుంది కాబట్టి, దిగాక కాస్త పక్కకి తిరిగిందంటే ఆ బరువే దాన్ని ఇంకా తిప్పేస్తుంది. పైలట్ కాళ్ళు ఊరుకుంటే విమానం ఉన్నచోటే గిర్రున తిరిగి రెక్క నేలకి కొడుతుంది. ఇవాళ్టి విమానాల మీద నేర్చుకున్న పైలట్‌కి ఈ అలవాటు ఉండదు, విడిగా నేర్పాలి. నేర్పాలంటే ఎగిరే పాత విమానం ఒకటి ఉండాలి, దాని మీద చెయ్యి తిరిగిన మనిషి ఒకరు ఉండాలి.

రెండో ప్రశ్నకి నా జవాబు ఇక్కడి నుంచే వస్తుంది. మ్యూజియంలో నిలబెడితే లోహం మిగులుతుంది. ఆయిల్ ఎక్కడ చేరుతుందో, కాళ్ళు ఎప్పుడు కదపాలో తెలిసిన మనుషులు మిగలరు. ఆ తెలివి చేతిలో ఉంటుంది, మాన్యువల్లో సగమే ఉంటుంది. అందుకని ఒక రకం విమానాలు లోకంలో పదులు, వందల కొద్దీ ఉంటే వాటిలో కొన్నింటిని ఎగరేయడమే మంచిదని నా అభిప్రాయం. ఒకటో రెండో మిగిలితే మాత్రం ఎవరెంత బతిమాలినా నేల మీదే ఉంచాలి.

ఎగరేయడం ఎంత కష్టమో చెప్పకపోతే ఈ అభిప్రాయానికి విలువ లేదు. అల్యూమినియం అలసిపోయే లోహం. ఉక్కుకి ఒక హద్దు ఉంది, ఆ హద్దు లోపల బరువు ఎన్నిసార్లు వేసినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న బరువైనా పదేపదే పడితే ఎప్పటికో ఒకప్పటికి వెంట్రుకంత పగులు పుడుతుంది. రెక్కని మోసే ప్రధాన దూలాన్ని స్పార్ అంటారు. దాన్ని ఎక్స్‌రేలు తీసి, విద్యుత్ ప్రవాహంతో పరీక్షించి, గంటల లెక్కన ఆయుష్షు కడతారు. తర్వాత ఇంధనం. పాత పిస్టన్ ఇంజన్లకి విమాన పెట్రోలు కావాలి, మన విమానాశ్రయాల్లో దొరికేది ఎక్కువగా జెట్ ఇంధనం. మన దేశంలో ఆ పెట్రోలు ఏళ్ళ తరబడి దిగుమతే. 2022లో ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారుచేయడం మొదలుపెట్టింది.

జెట్‌ల దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇంకా ముదురుతుంది. పైలట్‌ని బయటికి విసిరే సీటు కింద పేలుడు మందు ఉంటుంది, దానికి మందుబిళ్ళలాగే గడువు తేదీ ఉంటుంది. గడువు దాటితే కొత్తది కావాలి, చాలాసార్లు దాని తయారీ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. బ్రిటన్‌లో వల్కన్ అనే పెద్ద బాంబర్‌ని చందాలు పోగుచేసి మళ్ళీ ఎగరేశారు. 2015 అక్టోబరులో అది చివరిసారి ఎగిరింది. ఆపేసింది డబ్బు లేక కాదు. దాని డిజైన్‌కి సాంకేతికంగా హామీ ఉన్న కంపెనీలు ఇక మేం పూచీ పడలేమన్నాయి. ఆ సంతకం లేకుండా చట్టం ఎగరనివ్వదు.

చట్టం అంత గట్టిగా ఉండటానికి కారణాలు లేకపోలేదు. 2015 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని షోరమ్ దగ్గర విన్యాసాలు చేస్తున్న పాత హంటర్ జెట్ రోడ్డు మీద కూలింది. కార్లలో, రోడ్డు పక్కన ఉన్న 11 మంది పోయారు. 2022 నవంబరులో అమెరికాలోని డాలస్ ప్రదర్శనలో బీ-17 బాంబర్‌ని ఇంకో పాత ఫైటర్ గాల్లోనే ఢీకొట్టింది. ఆరుగురు చనిపోయారు, రెండు విమానాలూ పోయాయి. షోరమ్‌లో చనిపోయినవాళ్ళు ప్రదర్శన చూడటానికి టికెట్ కూడా కొనలేదు. వాళ్ళలో చాలామంది తమ దారిన తాము పోతున్నారు. ఎగరేయాలని వాదించేవాళ్ళు, నాతో సహా, ఈ సంగతి దాటేయకూడదు.

మూడో ప్రశ్న, అసలుదెంత. ఎక్కడో బురదలోంచి తీసిన స్పిట్‌ఫైర్ శకలంలో పనికొచ్చేది కొన్నిసార్లు నంబరు రేకు, నాలుగు బ్రాకెట్లు. వాటి చుట్టూ కొత్త రేకులు, కొత్త స్పార్, పాత డ్రాయింగుల ప్రకారం కొత్త రెక్కలు. కాగితాల మీద మాత్రం అది 1943 నాటి విమానమే. ఇది మోసమా? అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. కొత్తది చేయించారు. 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవాల్లో జనం దాన్నే లాగారు, స్వామి రథమనే మొక్కారు. లాగేవాళ్ళకి అది చాలు. పాత చెక్కడం పనితనం మీద పరిశోధన చేసేవాళ్ళకి చాలదు, వాళ్ళకి కావలసింది బూడిదైపోయింది. విమానాల్లోనూ ఈ రెండు అవసరాలూ వేరు. ఎగరేసేదానిలో కొత్త స్పార్ ఉండటం భద్రత. యుద్ధకాలంలో ఒక కార్మికురాలు ఏ రంగు పూసిందో తెలుసుకోవాలంటే ఎవరూ ముట్టని విమానం ఒకటి మూలన ఉండాలి. అమ్మేవాడు రెండోదాని ధరకి మొదటిది అంటగడితే అప్పుడది మోసం.

మన దేశం సంగతికి వస్తే, దీని గురించి గర్వంగా చెప్పుకోవాల్సిన కథ ఒకటుంది, తెలుగులో ఎక్కువమంది చెప్పుకోరు. యుద్ధం అయ్యాక బ్రిటిష్ వైమానిక దళం తన లిబరేటర్ బాంబర్లని కాన్పూర్‌లో వదిలేసింది. మళ్ళీ ఎవరూ ఎగరేయకుండా పాడుచేసి మరీ వదిలింది. స్వాతంత్ర్యం వచ్చాక మనకి బాంబర్లు కావాల్సి వచ్చాయి, కొనడానికి డబ్బు లేదు. బెంగళూరులోని విమానాల కర్మాగారం హెచ్‌ఏఎల్ వాళ్ళు ఆ తుక్కులోంచే ఒకదాని భాగం ఇంకోదానికి వేసి, బెంగళూరు దాకా ఎగిరేంతగా బాగుచేశారు. అలా బాగైన వాటిని ఒక్కొక్కటిగా గాల్లోకి లేపి తీసుకెళ్ళింది టెస్ట్ పైలట్ జిమ్మీ మున్షీ. బెంగళూరులో పూర్తి మరమ్మతు చేశాక నలభైకి పైగా లిబరేటర్లు మన వైమానిక దళంలో 1968 దాకా పనిచేశాయి. అప్పటికి మిగతా దేశాల్లో ఆ రకం దాదాపు కనుమరుగైంది. ఇవాళ లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సహా విదేశాల్లో నిలబడి ఉన్న లిబరేటర్లలో కొన్ని మన దగ్గర నుంచి వెళ్ళినవే. అమెరికాలో ఒకదాన్ని 1989 నుంచి ఏళ్ళ తరబడి ఎగరేశారు, అదీ ఇక్కడిదే. బ్రిటిషువాళ్ళు పాడుచేసి పారేసిన విమానాన్ని మనం బాగుచేసి వాడుకుని, మళ్ళీ వాళ్ళకే ఇచ్చాం. 1970ల చివర్లో కొన్ని స్పిట్‌ఫైర్లు కూడా ఇలాగే దేశం దాటాయి. మన మూలన పడి ఉన్నవి అక్కడికి వెళ్ళాక కోట్ల ఆస్తి అయ్యాయి.

ఇక్కడ ఇప్పుడు ఎగిరే పాత విమానాలు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వైమానిక దళానికి వింటేజ్ ఫ్లైట్ అని ఒక చిన్న విభాగం ఉంది: టైగర్ మాత్, హార్వర్డ్, 2018లో వచ్చిన డకోటా. ఆ డకోటాని అప్పటి ఎంపీ రాజీవ్ చంద్రశేఖర్ బ్రిటన్‌లో బాగుచేయించి కానుకగా ఇచ్చారు, ఆయన తండ్రి డకోటా పైలట్. దానికి పరశురామ అని పేరు పెట్టి, వీపీ905 నంబరు వేశారు. 1947 అక్టోబరు 27న సైనికులతో శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటా నంబరు అది. నంబరు అదే, విమానం అది కాదు. పైన చెప్పిన మూడో ప్రశ్న మన ఇంట్లోనే ఉందన్నమాట. నాకైతే అభ్యంతరం లేదు, ఎవరూ దాచిపెట్టలేదు కాబట్టి.

ఇప్పుడు రష్యన్ ఫైటర్ జెట్ మిగ్-21 వంతు. 1963లో వచ్చి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. ఎనిమిది వందలకు పైగా మన దళంలో తిరిగాయి. అది దిగే వేగం ఎక్కువ, పొరపాటుని క్షమించదు, చాలామంది కుర్ర పైలట్లని మింగింది. అయినా నడిపినవాళ్ళు దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతు మారుతుంది. ఒకదాన్ని ఎగిరే స్థితిలో ఉంచాలని కోరేవాళ్ళు వస్తారు, రావాలి కూడా. కానీ జనం నెత్తి మీద దాన్ని ప్రదర్శనకి తిప్పడం నేను ఒప్పుకోను. దానికి బదులు ఒక ఇంజన్‌ని నేల మీద నడిచే స్థితిలో ఉంచి, దాన్ని బాగుచేసిన మెకానిక్‌లు బతికుండగానే ప్రతి పనినీ వాళ్ళ మాటల్లో, వీడియోలో ఎక్కిస్తే ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. మన జిల్లాల్లో రిటైరై కూర్చున్న ఎయిర్‌మన్‌లతోనే ఆ పని మొదలుపెట్టొచ్చు.

డెల్టా నుంచి ఒక పూట ప్రయాణంలో చూడగలిగే పెద్ద పాత యుద్ధ విమానం విశాఖ ఆర్కే బీచ్‌లోని టీయూ-142. సబ్‌మెరైన్లని వెతికే ఈ రష్యన్ విమానాలు 1988లో ఎనిమిది వచ్చాయి. 2017 మార్చిలో అరక్కోణంలో విరమించే దాకా ఒక్క ప్రమాదం లేకుండా పనిచేశాయి. బీచ్‌లో ఉన్నది విశాఖ దాకా ఎగిరే వచ్చింది. విమానాశ్రయం నుంచి బీచ్‌కి మాత్రం ముక్కలుగా విప్పి తెచ్చి, మళ్ళీ బిగించారు. వెళ్తే లోపలికి ఎక్కడానికి తొందరపడకండి. ముందు ఇంజన్ల కింద నిలబడండి. ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు కనిపిస్తాయి, అవి ఎదురెదురు దిశల్లో తిరిగేవి. ముందుది వెనక్కి తోసేటప్పుడు గాలి సుడి తిరుగుతుంది. వెనకది ఆ సుడిని సరిచేసి, వృథాగా పోయే బలాన్ని కూడా తోపుగా మారుస్తుంది. ప్రపంచంలో అతి పెద్ద మోత చేసే విమానాల్లో ఇదొకటని పేరు రావడానికి ఒక కారణం ఆ జోడీ.

తర్వాత రేకులు కలిసే చోట, రివెట్ల చుట్టూ చూడండి. విమానాలకు వాడే అల్యూమినియంలో బలం కోసం కొంచెం రాగి కలుపుతారు. ఆ రాగి వల్లే దానికి ఉప్పుగాలి పడదు. ఓడలరేవులో, అంతర్వేదిలో ఇళ్ళ కిటికీ ఊచల్ని తినేసే గాలే ఇదీను. ఇనుము ఎర్రగా పొరలు లేస్తుంది, అల్యూమినియం తెల్లటి పొడిలా రాలుతుంది. ఉక్కు బోల్టు అల్యూమినియం రేకుని తాకే చోట ఇది ఇంకా త్వరగా మొదలవుతుంది. వేలితో రాస్తే తెల్లగా అంటుకుందంటే రంగు వేయడం ఆలస్యమైందని అర్థం. అక్కడున్న సిబ్బందికి ఆ మాట చెప్పి రండి.